శాలువా వద్దు, పన్నెండు నిమిషాలు కావాలి

నాగర్‌కర్నూల్,
9 డిసెంబరు 2007, ఆదివారం.

ప్రియమైన సింధూజకు,

ఫరీదా సలాములు, నమస్కారాలు, రెండూ అందుకో. ఇక్కడ నేనూ పిల్లలూ బాగున్నాం. వనపర్తిలో నువ్వూ మీ ఇంట్లోవాళ్లూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. రివాజు కోసం రాసిన మాట కాదిది. నీ మీద ఎంత కోపంగా ఉన్నా ఈ కోరికలో మార్పు లేదు. గద్వాలలో మా అమ్మీ ఫోన్ చేసినప్పుడల్లా ఆ సింధూజ మనింటికి వస్తలేదేంది అని అడుగుతూనే ఉంది. ఏడాదిగా మనకు మాటల్లేవని ఆమెకు చెప్పలేదు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. సంఘం ముద్ర, టైపు చేసిన పేజీన్నర, మొదట్లోనే డాక్టర్ ఫరీదా గారికి అని. హాస్టల్లో నా దువ్వెన అడగకుండా వాడుకున్న మనిషి నన్ను గారూ అంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నువ్వు మన శాస్త్రవేత్తల సంఘం కార్యదర్శిగా రాశావు కనుక నేనూ సంఘం కాగితం మీదే జవాబివ్వాలి. ఇవ్వను. నీకే రాస్తున్నాను, చేత్తో.

నువ్వు చెప్పింది ఇదీ. ఇరవై రెండున వనపర్తిలో జరిగే వార్షిక సభలో ఆముదం ఎండు తెగులు మీద మా పత్రాన్ని నేనొక్కదాన్నే చదవాలి. పత్రం మీద మొదటి పేరుగా నేను ఇచ్చిన జోగులమ్మను వేదిక మీదకు పిలుస్తారు, శాలువా కప్పుతారు, జ్ఞాపిక ఇస్తారు, ఫొటో తీస్తారు. ఆమె మాత్రం మాట్లాడదు. దీనికి ఒప్పుకోకపోతే పత్రం తీసేస్తారు, నా కమిటీని రద్దు చేస్తారు. పద్ధతిగా రాశావు, ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఆ కమిటీని నా నెత్తిన పెట్టింది మీరే. సంఘంలో అందరికీ చోటు దొరికేలా చూడమన్నారు. తొంభై మూడు మంది సభ్యుల్లో ఆడవాళ్లం ఏడుగురం, హైదరాబాద్‌లోని రాష్ట్ర సంఘం వాళ్లు అడిగితే చూపించుకోవడానికి ఒక కమిటీ కావాలి కదా. నేను దాన్ని నిజమనుకున్నాను. పోలియో కాలుతో మెట్లెక్కలేని యాదయ్య గారి కోసం సభను మేడ మీది నుంచి కింది హాలుకు దించాం, చప్పట్లు కొట్టారు. చంటిపిల్లల తల్లులకు ఒక గది ఇప్పించాం, చప్పట్లు కొట్టారు. పత్రం తెలుగులో చదవొచ్చనీ, డిగ్రీ లేకపోయినా పరిశోధనలో పాలుపంచుకున్నవాళ్లు తమ పని తామే చెప్పొచ్చనీ పోయినేడు నిబంధన మార్పించాను. దానికీ చప్పట్లు కొట్టారు. ఎవరూ వాడుకోరనుకున్నారు కాబట్టే కొట్టారని ఇప్పుడు తెలిసింది. ఆ రోజు చెయ్యెత్తనిది నువ్వొక్కదానివే. మన మాటలు ఆగిందీ ఆ రోజే. కనీసం నిజాయితీగా ఉన్నావు.

జోగులమ్మ ఎవరో నీకు తెలియదు, చెబుతాను. మా పరిశోధన క్షేత్రంలో పంతొమ్మిదేళ్లుగా కూలికి వస్తోంది. మా పాత నివేదికలు తీసి చూడు, సామగ్రి అనే శీర్షిక కింద ఎరువుల తర్వాత, మందు కొట్టే పంపుకు ముందు, కూలీలు పద్నాలుగు మంది అని ఉంటుంది. ఆ పద్నాలుగులో ఒకరు జోగులమ్మ. ఆ నివేదికల్లో రెండింటి మీద నా సంతకం కూడా ఉంది.

రెండేళ్ల కింద, విత్తి నలభై రోజులైన మడిలో కలుపు తీస్తూ ఆమె ఒక మొక్క దగ్గర ఆగి, ఇది పోతది మేడం అంది. మొక్క పచ్చగా నిగనిగలాడుతోంది. ఎట్ల తెలుసు అంటే, పొద్దుగాల్ల కింది ఆకు కాడను వేలితో వంచి చూడు, బతికేది ఎదురు నూకుతది, పోయేది ఊకుంటది అంది. మూడు వారాలకు ఆ మొక్క ఎండిపోయింది. దాంతో నాకు పట్టుదల వచ్చింది. పోయినేడు తెగులున్న మడిలో రెండు వందల నలభై మొక్కలకు చీటీలు కట్టాను. ఏవి పోతాయో ఆమె చెప్పింది, నేను రాసి బీరువాలో పెట్టి తాళం వేశాను. అరవై ఆరు పోతాయంది, వాటిలో యాభై ఎనిమిది పోయాయి. బతుకుతాయన్న వాటిలో పోయినవి పదకొండు. ఈ ఏడు మళ్లీ చేశాం, దాదాపు అదే లెక్క. తెగులు పైకి కనబడటానికి మూడు వారాల ముందే తెలిస్తే, తట్టుకునే రకాలను ఎంత తొందరగా ఎంచుకోవచ్చో నీకు నేను చెప్పాలా?

ఇక నీ అభ్యంతరాలు. ప్రశ్నలకు జవాబు చెప్పడం ఆమె వల్ల కాదన్నావు. సింధూజా, ఆ వేలి పని నాకు రాదు. రెండేళ్లుగా ఆమె పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాను, సగానికి సగం తప్పు చెబుతున్నాను. కాడను ఎంత వంచాలి, మబ్బు పట్టిన రోజు ఏం చేయాలి అని సభలో ఎవరైనా అడిగితే జవాబు లేనిది నా దగ్గరే. తెలిసింది చెబుతాం, తెలియనిది తెలియదంటాం. మన సభల్లో ఆ రెండో మాట అన్నవాళ్లను ఇంతవరకూ చూడలేదు.

వేదిక మీద ఆమె బెదిరిపోతుందన్నావు. ఊళ్లో ముప్పై మంది ఆడవాళ్లున్న కూలీల గుంపులో పనులు పంచే మనిషి, తొంభై మంది కుర్చీల్లో కూర్చున్నవాళ్లను చూసి ఎందుకు బెదురుతుంది? బెదిరేది మనం. రేపు అందరూ తమ కూలీలను వెంటబెట్టుకొస్తారన్నావు. రానివ్వు. వాళ్ల దగ్గర చెప్పడానికి ఏదైనా ఉంటే విందాం, లేకపోతే మన ఆచార్యులు చెప్పినప్పుడు కునుకు తీసినట్టే తీద్దాం. ముఖ్య అతిథి ముందు సంఘం మర్యాద అన్నావు. ఒకరి పనిని ఇంకొకరు చదివి, చేసినవాళ్ల భుజం మీద గుడ్డ కప్పి కూర్చోబెట్టడం మర్యాద ఎట్లయింది? చెప్పే మాట ఉన్న మనిషికి శాలువా కప్పడమంటే ఇక చాలు, లే అనడమే. మాకు శాలువా వద్దు. అందరికీ ఇచ్చే పన్నెండు నిమిషాలు ఇవ్వండి.

పదకొండేళ్ల కింది సభ నీకు గుర్తుందా? నువ్వూ నేనూ, ఇద్దరమే ఆడవాళ్లం. మన పేర్లు మైకులో పిలిచింది పూలగుత్తులు అందించడానికి. నేను బుద్ధిగా అందించి వచ్చి కూర్చున్నాను. నువ్వు పూలగుత్తిని కుర్చీలో పెట్టి మైకు దగ్గరకెళ్లి, నా పత్రం ఎప్పుడు అని అడిగావు. చివరికి భోజనాల వేళ నీకు పది నిమిషాలిచ్చారు, సగం మంది ప్లేట్లు పట్టుకుని విన్నారు. ఆ రోజు నుంచి నువ్వంటే నాకు గౌరవం. ఇప్పుడు ఆ మనిషే శాలువా పంపిస్తానంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. కార్యదర్శి కుర్చీలో కూర్చోవడానికి నువ్వెంత కష్టపడ్డావో తెలుసు. ఆ కుర్చీ నుంచి చూస్తే సభ వేరుగా కనిపిస్తుందేమో, నాకు తెలియదు.

నీ ఉత్తరం సంగతి జోగులమ్మకు చెప్పాను. ఇద్దరం ఒక్క మాట మీద ఉన్నాం. కమిటీని రద్దు చేస్తే చేయండి, నిబంధన మాత్రం నిబంధనల పుస్తకంలోనే ఉంటుంది. దాన్ని తీసేయాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాలి, అక్కడ మళ్లీ నేనే మాట్లాడతాను. నన్ను బదిలీ చేయిస్తామని కొందరు అంటున్నారట, చేయించమను. ఇరవై రెండున బిజినేపల్లి మీదుగా వచ్చే మొదటి బస్సులో మేమిద్దరం దిగుతాం. పచ్చి ఆముదం మొక్కలు నాలుగు కుండీల్లో తెస్తున్నాం. జాబితాలో మా పేర్లు లేకపోతే హాలు గుమ్మం ముందు కుండీలు పెట్టి అక్కడే చెబుతాం. వినేవాళ్లు బయటకొస్తారు. నువ్వూ రావాలని నాకుంది.

కోపం తగ్గినా తగ్గకపోయినా నీ స్నేహితురాలు,
ఫరీదా

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. ఇద్దరం ఒక్క మాట మీద లేము, మొదట్లో. నీ ఉత్తరం చదివి నేను భయపడ్డాను. కమిటీ పోతుంది, బదిలీ అయితే పిల్లల చదువులేం కావాలి అని బుధవారమంతా ఆలోచించి, గురువారం పొద్దున మడిలో కలుపు తీస్తున్న జోగులమ్మ పక్కన గట్టు మీద కూర్చుని శాలువాకు ఒప్పుకొమ్మని బతిమాలాను. నీ టైపు కాగితంలోని మాటలే తియ్యగా చేసి చెప్పాను. పెద్ద సన్మానం, పేపర్లో ఫొటో వస్తుంది అన్నాను. ఆమె పని ఆపలేదు. శాలువా గప్పుడంటే ఇగ సాలు లెవ్వు అనుడే గద మేడం అంది. నాకు తెల్సింది చెప్త, తెల్వకుంటే తెల్వదంట, దాంట్ల సిగ్గేమున్నది అంది. ముప్పై మందితోని పని చేపిస్త, గాళ్లు కుర్సీలల్ల కూసుంటరు, గాళ్లకు నేనెందుకు బెదరాలె అంది. కుండీలల్ల చెట్లు వట్కపోదం, లోపలికి రానియ్యకుంటే గుమ్మం కాడ్నే చెప్దాం అన్నది కూడా ఆమే. చివరికి నా వైపు తిరిగి, నువ్వు రాకుంటే బస్సు నంబరు చెప్పు, నేనొక్కదాన్నే పోత అంది.

ఈ ఉత్తరంలో పూలగుత్తి సంగతీ, లెక్కలూ, వెక్కిరింపులూ నావి. ధైర్యమున్న మాట ఎక్కడ కనబడినా అది ఆమెది. దాన్ని నేను పుస్తకాల తెలుగులోకి మార్చి, కింద నా పేరొక్కటే పెట్టుకున్నాను. ఇంత గొడవ దేని మీద పడుతున్నానో మళ్లీ అదే చేశాను. ఇందాక ఆమెకు మొత్తం చదివి వినిపించి, చింపేసి మళ్లీ రాస్తానన్నాను. చింపకు, ఉన్నది ఉన్నట్టు కింద రాయి, ఆ సింధూజమ్మకు గూడ తెల్వనీ అంది. నా పెన్ను తీసుకుని తన పేరు తనే రాసింది. రాయడానికి చాలాసేపు పట్టింది, నేను సాయం చేయలేదు. ఇప్పుడు ఈ ఉత్తరం సరిగ్గా ఉంది.

జోగులమ్మ
ఫరీదా