పడని వాన కబురు

చిరంజీవి సౌభాగ్యవతి మల్లీశ్వరికి నీ మామ శ్రీరంగప్ప దీవించి రాస్తున్నది.

అమ్మా, ఈ ఉత్తరం రాయకుండా తప్పించుకుందామనే చూశాను. మూడు రోజులుగా పెన్ను కనబడలేదని మీ అత్తతో చెబుతున్నాను. పెన్ను నా జేబులోనే ఉంది. ఇక్కడ నేను, మీ అత్త, మేకలు అందరం బాగున్నాం. నీ మొగుడు ఓబుళేసు కూడా బాగున్నాడని రాయబోతే చెయ్యి సాగలేదు. నీ పుట్టినూరు యాడికిలో మీ అమ్మానాన్నలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్‌లో అడిగితే నీ మొగుడు వింటాడని కాగితం మీద మూడు ప్రశ్నలు రాసి పంపావు. మీ అత్త మోకాళ్ళు నయం. కళ్యాణదుర్గం డాక్టరు రోజూ నడవమన్నాడు, నన్ను తిట్టడానికి చేను దాకా నడిచి వస్తోంది. చుక్కల మేక రెండు పిల్లలను ఈనింది, రెండూ ఆడవే. ఇక మూడోది, ఆ రోజు నిజంగా వాన పడిందా అన్నది. దానికి కొంచెం చుట్టు తిరిగి రావాలి, ఓపిక పట్టు.

నేను ఎరువుల సంచుల మీది అక్షరాలు కూడబలుక్కొని చదువు నేర్చినవాణ్ణి. సముద్రం కూడా నాకు అట్లాగే, విన్న ముక్కలుగానే తెలుసు. హనీమూన్‌కు గోవా పోతామని మీరంటే జూలైలో ఎవరైనా పోతారా అన్నాను. వానాకాలంలో అక్కడికి ఎవరూ రారట, అందుకే హోటళ్ళు చవకట. వాళ్ళకు ఎవరూ రాని కాలమే మనకు వేరుశనగ విత్తే కాలం. అయినా ఆకాశంలో మోడమే లేదు, మబ్బు తునకైనా కనబడలేదు, ఐదు రోజులే కదా అని సరేనన్నాను.

రెండో రోజు ఓబుళేసు వీడియో పంపాడు. దాన్ని కరీం సాబ్ టీ అంగట్లో అందరికీ చూపించాను. సముద్రం మీద ధారగా వాన. నువ్వు చేతులు చాపి తడుస్తున్నావు. అందరూ ఫోన్ మీదికి వంగారు.

"సముద్రానికి వానెందుకప్పా?" అన్నాడు, నన్ను ఎప్పుడూ రెచ్చగొట్టే కుళ్లాయప్ప. "నీళ్లలోకే నీళ్లు పోస్తాండాడు సూడు దేవుడు!" అంతటితో ఊరుకుంటే బాగుండేది. "రేపు ఈడ వాన పడి ఇత్తనానికి పదునైనా నీ కొడుకు పెండ్లాన్ని, సముద్రాన్ని ఇడిసి రాడులే శ్రీరంగప్పా. ఇంగ నీ మాట యాడ చెల్లుతాది?"

"చెల్లుతాదో లేదో నువ్వే ఇను," అని అక్కడికక్కడే ఫోన్ కలిపి, అందరికీ వినిపించేటట్టు పెట్టాను.

"ఓబుళేసూ, పదునైందిరా. ఇత్తనం ఎయ్యల్ల, బయల్దేరు."

"నిజమేనా నాయనా? ఎంత పడింది?"

"ఇత్తే గొర్రు నేలలోకి దిగేంత."

వెనకనుంచి నీ నవ్వు వినబడుతూ ఉండింది. అది ఆగిపోయింది. "సరే నాయనా, వస్తాండాం," అన్నాడు వాడు.

కుళ్లాయప్ప చప్పట్లు కొట్టాడు. కరీం సాబ్ మాత్రం, "తప్పు చేసినావన్నా. తమాషాకన్నానని మళ్ళా ఫోన్ చెయ్," అన్నాడు. చేస్తే ఒక్క నిమిషం పని. కుళ్లాయప్ప నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. నేను చెయ్యలేదు.

ఇదే తల్లీ నీ మూడో ప్రశ్నకు జవాబు. ఒక్క చినుకు పడలేదు. కొడుకు నా మాటకు లేచి వస్తాడని నలుగురికీ చూపించుకోవాలన్న గీర, అంతకంటే ఏమీ లేదు.

మీరు దిగేటప్పటికి ఎండ మండిపోతోంది. వాన పడిందిగానీ గాలికి ఆరిపోయిందని రెండో అబద్ధం ఆడాను. నువ్వు చేను గట్టున కూర్చొని మట్టి తవ్వి చూశావు. రైతు బిడ్డవు. "ఈ మట్టి తడిసి నెలయింటాది మామా," అన్నావు. నేను మేకలను అదిలించుకుంటూ పక్కకు పోయాను. ఇంటికి వచ్చాక ఓబుళేసు నీ మీద ఇంతెత్తున లేచాడు.

"మా నాయన ఏమన్నా అంటాడుగానీ, వాన సంగతిలో అబద్ధం ఆడడు!"

"అయితే నేను ఆడతాండానా?" అన్నావు నువ్వు.

అప్పుడు నేను అరుగు మీద గొడ్డలికి పిడి బిగిస్తున్నాను. అది బిగిసే ఉంది. ప్రతి మాటా వినబడింది. నువ్వు బ్యాగు తీసుకొని నా ముందు నుంచే ఆటో ఎక్కావు. పదకొండు రోజులుగా టీ అంగడంతటికీ తెలిసిన నిజం, నీకూ నీ మొగుడికీ మాత్రమే తెలియదు. ఈ కరువు నేలలో వాన పడిందని అబద్ధం చెప్పినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఇప్పుడు వాణ్ణి నా ఇంటి అద్దంలోనే చూశాను.

రమ్మని అడిగే ముఖం నాకు లేదు. నువ్వు చెప్పిందే నిజమని నా చేత్తో రాసి ఇవ్వడానికే ఇదంతా.

మూసేముందు ఈ ఉత్తరాన్ని ఓబుళేసుకు చదివి వినిపించాను. వాడు ఒకే మాట అడిగాడు.

"కుళ్లాయప్ప ముందరనా నాయనా?"

"ఔరా."

"ఇది పోస్టులో ఎయ్యద్దు. ఇట్లియ్యి," అన్నాడు.

ఇప్పుడు లోపల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అనంతపురం బస్సు తొమ్మిదిన్నరకు, అక్కడి నుంచి యాడికికి ఇంకో బస్సు.

ఇట్లు,
నీకు తలెత్తి ముఖం చూపలేని మామ
శ్రీరంగప్ప