వానరోజు పాలిష్

కళ్లజోళ్ల దుకాణం నడిపి, రెండేళ్ల కిందట దాన్ని కొడుక్కి అప్పగించి, ఇప్పుడు ఇంటి వెనక గదిలో కూర్చుంటున్న నేను, అరవై నాలుగో ఏట, నా సొంత చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉంది. చెయ్యి మాత్రం వణుకుతోంది. డాక్టరు ఈ రెండు సంగతులనూ వేరు వేరు కాగితాల మీద రాసిచ్చాడు. మొదటి కాగితం దీనికి జతచేశాను, రెండోది నా దగ్గరే ఉంచుకున్నాను. ఈ రాతకు నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. బతిమాలినా వినే రకం కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

దీన్ని అమలుపరిచే బాధ్యత నా కొడుకుది. వాడు గబగబా చివరి పేజీకి పోకుండా వరసగా చదవాలి.

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు, వెనక గదితో సహా, నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. ఆమె తర్వాత కొడుక్కి. ఆమె బతికి ఉండగా వంటింటి కిటికీ మూసి గోడ కట్టాలన్న ఆలోచన మళ్లీ ఎత్తకూడదు. ఆ కిటికీ దగ్గర నిలబడి ఆమె వీధితో మాట్లాడుతుంది. ఇంట్లో నేను మాట్లాడింది తక్కువ కనుక ఆ కిటికీ ఆమెకు అవసరం.

2. దుకాణం ఇప్పటికే కొడుకు పేర ఉంది. అద్దాలు అరగదీసే పాత యంత్రం కూడా వాడిదే. దాన్ని తుక్కు కింద అమ్మితే నాకు అభ్యంతరం లేదు గానీ, అమ్మేముందు ఒకసారి నూనె వేసి తిప్పి చూడాలి. బాగుచేయమని ఇచ్చి మళ్లీ తీసుకుపోని కళ్లజోళ్లు కింది సొరుగులో ఉన్నాయి. వాటిని పారేయకూడదు. మనుషులు ఆలస్యంగానైనా వస్తారు.

3. నా రోజువారీ లెక్కల పుస్తకాలు బీరువా పైన ఉన్నాయి. వాటిని పాత కాగితాలవాడికి వేయవచ్చు. రహస్యాలేవో ఉంటాయని ఎవరూ వెతికి కళ్లు పాడుచేసుకోవద్దు. ఏ రోజు ఏం కొన్నానో, వానో ఎండో, అంతకుమించి వాటిలో ఏమీ లేదు. ఉంటే బాగుండేదని ఈ మధ్య నాకే అనిపించింది. ఎందుకో ఏడో అంశంలో తెలుస్తుంది.

4. వెనక గదిలోని బొమ్మల గురించి. బొటనవేలి కణుపంత సీసపు బొమ్మలు అవి. అచ్చు నేనే చేసి, సీసం నేనే పోసి, ఆకురాయితో నునుపు చేసి, మన వీధి మనుషుల్లా రంగులు వేసేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు. దుకాణంలో వాడే భూతద్దం కంటికి తగిలించుకుని, రెండు మూడు వెంట్రుకలు మాత్రమే మిగిల్చిన కుంచెతో, ఊపిరి బిగబట్టి వేసే పని. పద్దెనిమిదేళ్లు దాని జోలికి పోలేదు. దుకాణం వదిలాక, కంట్లో శుక్లం తీయించుకున్నాక, మళ్లీ పెట్టె తెరిచాను. కుంచెలు పురుగు తినేసింది. తెల్లరంగు డబ్బాలోనే రాయైపోయింది.

కొత్త కుంచెలతో మొదట వేసింది ఇస్త్రీబండి ఆమెను. టీ తెచ్చిన కోడలు భూతద్దం కింద దాన్ని చాలాసేపు చూసి, "మావయ్యా, ఈవిడ కుడికన్ను కోపంగా ఉంది, ఎడమకన్నేమో నిద్రపోతోంది" అంది. నిజమే. చెయ్యి మాట వినడం మానేసింది. తర్వాత కిటుకు పట్టుకున్నాను. మోచేతులు బల్లకు ఆనించి, రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనిస్తే వణుకు సగం తగ్గుతుంది. మిగతా సగాన్ని బొమ్మల జుట్టుకు వాడుకుంటాను. అందుకే ఈ ఏడాది వేసిన వాళ్లందరికీ ఉంగరాల జుట్టు.

ఈ బొమ్మలన్నీ, కింద విడిగా చెప్పినవి తప్ప, నా భార్యకు చెందాలి. ఇష్టమైతే ఆ కిటికీ గట్టు మీద పెట్టుకోవచ్చు.

5. బల్లకు బిగించిన దీపం, భూతద్దం, కొత్త కుంచెలు కోడలికి. ఆమె రంగులు వేస్తుందని కాదు. నేను మళ్లీ మొదలుపెట్టిన రోజు, ఎందుకు మానేశారు, ఎందుకు మొదలుపెట్టారు అని అడగకుండా, దీపం మెడ వంచి వెలుతురు నా చేతి మీద పడేలా తిప్పి వెళ్లిపోయింది. ఈ ఇంట్లో అడగకపోవడం అందరికీ వచ్చు. దీపం తిప్పడం ఆమెకే వచ్చు.

6. పక్క దుకాణం దర్జీకి అతని బొమ్మే ఇవ్వాలి. మెడలో కొలతల టేపుతో సహా పోలిక బాగా కుదిరింది. చూసినప్పుడు "నా పొట్ట ఇంత లేదురా నాయనా, కొలత వేయడం నేర్పమంటావా?" అని వీధంతా వినబడేలా అరిచాడు. కొలిచే వేశాను. ఈ విషయంలో నా నిర్ణయం మారదు.

7. ఈ అంశం కొంచెం పొడుగు.

బొంగరం మా కూతురు. ఆలస్యంగా పుట్టింది. ఉన్నచోట ఉండక గిరగిరా తిరిగేది కనుక ఆ పేరు. అది బతికి ఉండగా, ఎదురుగా చూస్తూ దాని బొమ్మ చేశాను. పసుపు గౌను, ఒక కాలి మేజోడు జారిపోయి, తిరిగి తిరిగి ఇక ఆగబోతున్నట్టు ఉంటుంది. ఆరో ఏట జ్వరంతో పోయింది. ఫోటోలు ఉన్నాయి. ఫోటోల్లో అది కదలకుండా నిలబడింది. అలా అది ఎప్పుడూ నిలబడలేదు.

అది పోయాక నా భార్య ఆ బొమ్మను పిడికిట్లో పెట్టుకుని తిరిగేది. రంగు అరచేతికి అంటుకోవడం మొదలైంది. అప్పుడు నా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, రంగు పోకుండా దాని మీద లక్క పాలిష్ పూశాడు. బల్ల మీదున్న మరో రెండు బొమ్మలకూ పూశాడు. తలుపులకూ బల్లలకూ పాలిష్ వేయడమే అతని వృత్తి. ఈ చుట్టుపక్కల ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. ఇది నేను ఇష్టంగా రాయడం లేదు. ఆ రోజు ముసురు. వానరోజు లక్క పాలిష్ వేయకూడదని ఆ పనిలో అందరికంటే ముందు నేర్పుతారు. గాలిలో తేమ పట్టి తెల్లబడుతుంది.

నేను దుకాణం నుంచి వచ్చేసరికి పిల్ల ముఖం మీద మీగడ కట్టినట్టు తెలుపు. కళ్లు లేవు, నవ్వు లేదు. అతను గుమ్మంలో నిలబడి, "ఇది పోతుంది బావా, ఎండ రానీ, స్పిరిట్ గుడ్డతో పైపైన తుడిస్తే పోతుంది" అన్నాడు. నేను తలుపు వేశాను. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు, కుంచె పట్టలేదు. నా భార్య తమ్ముణ్ణి వీధి మలుపులో కలిసి వచ్చేది. వచ్చినప్పుడు కొంగుకు పాలిష్ వాసన ఉండేది. నేను అడగలేదు, ఆమె దాచలేదు.

ఈ ఏడాది ఆ మిగతా రెండు బొమ్మల మీద స్పిరిట్ గుడ్డ పెట్టి చూశాను. పోస్టుమాన్ మీది తెలుపు పోయింది. సంచితో సహా నిన్న వేసినట్టు బయటపడ్డాడు. రెండోది చేపలామె. తెలుపుతోపాటు ముఖమూ గుడ్డకు వచ్చేసింది. ఆ రోజుల్లో ముఖాల రంగు నేనే కలుపుకునేవాణ్ణి, ఒకసారి నూనెలో, ఒకసారి స్పిరిట్‌లో. నూనెలో కలిపింది నిలుస్తుంది, స్పిరిట్‌లో కలిపింది కరుగుతుంది. బొంగరం ముఖానికి ఏది వాడానో గుర్తులేదు. లెక్కల పుస్తకాలన్నీ తిరగేశాను. రంగు కొన్న ఖర్చుంది. ఏ ముఖానికి వేశానో లేదు.

ముఖం లేని చేపలామెను నా భార్య చూసింది. మర్నాడు పొయ్యి దగ్గర నిలబడి, నా వైపు తిరగకుండా, "వాణ్ణి వేయమన్నది నేనే. వాన వెలిశాక వేస్తానే అక్కా అన్నాడు. నేనే ఆగలేక ఏడ్చాను" అంది. ఇన్నేళ్లలో అతను ఈ మాట తన నోటితో ఎవరికీ చెప్పలేదు.

నా చేత్తో నేను తుడవలేను. ఒక్క రుద్దు ఎక్కువైతే పిల్ల మళ్లీ పోతుంది. తుడవకుండా ఆ తెలుపును చూస్తూ ఉండనూ లేను. కనుక బొంగరం బొమ్మను, మెత్తటి గుడ్డతో, స్పిరిట్ సీసాతో సహా, నా తదనంతరం నా బావమరిదికి ఇస్తున్నాను. గాలి పొడిగా ఉన్న రోజు చూసి, తన అక్క పక్కన ఉండగా అతను తుడవాలి. ముఖం బయటపడితే బొమ్మ ఆమెకు ఇవ్వాలి. చెరిగిపోతే అతన్ని ఎవరూ ఏమీ అనకూడదు. అనడం అంటే మాట్లాడటం మానేయడం కూడా. ఏది జరిగినా చూడటానికి నేను ఉండను. తెలిసే అలా రాశాను.

8. పైన చెప్పనివి ఏవైనా ఉంటే అవి నా భార్యవి. నేను ఆమెకు చెప్పనివి చాలా ఉన్నాయి గానీ అవి ఆస్తి కిందికి రావు.

సంతకాలకు ముందు చేర్చినది:

సాక్షులుగా దర్జీనీ, మందుల దుకాణం ఆయననూ రమ్మన్నాను. నిన్న పైదంతా నా భార్యకు చదివి వినిపించాను. దస్తావేజులు రాసే ఆయన చెప్పిన నియమం కూడా చెప్పాను. సాక్షి సంతకం పెట్టినవాడికి ఈ వీలునామా వల్ల ఏదీ దక్కదు, అతనికి రాసిన అంశం చెల్లకుండా పోతుంది. ఆమె "అట్లాగా" అని కూర తరుక్కుంది. ఇవాళ పొద్దున్నే గొడుగు వేసుకుని వెళ్లి, మందుల దుకాణం ఆయనకు రావద్దని చెప్పి, తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

దర్జీ అతన్ని చూసి, "ఏమయ్యోయ్, ఇన్నాళ్లకు దారి తెలిసిందా?" అన్నాడు. "దారి ఎప్పుడూ తెలుసు, తలుపు సంగతే తెలియదు" అన్నాడు అతను. జుట్టంతా తెల్లబడింది.

ఏడో అంశం అతని ముందు పెట్టాను. నిలబడే చదివాడు. సంతకం పెడితే అది పోతుందని చెప్పాను. "తెలుసు, అక్క చెప్పింది" అన్నాడు. "నువ్వు పోయాక తుడిచి ఎవరికి చూపించమంటావు బావా? వచ్చినా చెరిగినా నీ కళ్లముందే" అని కలం అడిగాడు. వణికే చేత్తోనే ఇచ్చాను. సంతకం పెడుతుంటే అతని చెయ్యీ వణికింది. అది చూసినప్పటి నుంచి నాకు భయంగా ఉంది. అయినా వద్దనలేదు.

ఇవాళ పని కుదరదు. ముసురు తగ్గేదాకా అతను ఇక్కడే ఉంటాడు. వెనక గదిలో పక్క వేయమన్నాను.

తేదీ: 2025 జూలై 11, శుక్రవారం. వాన.

సంతకం: కళ్లజోళ్ల దుకాణం పెద్దాయన

మొదటి సాక్షి: పక్క దుకాణం దర్జీ (ఆరో అంశం వద్దన్నాడు, ఆ పొట్ట తనది కాదట)

రెండో సాక్షి: నా భార్య తమ్ముడు, పాలిష్ పనివాడు. ఈ సంతకంతో ఏడో అంశం చెల్లదు.