ట్యాంకు రంగు

నర్సీపట్నం

అన్నయ్యా,

పోయినసారి పటాలం నుంచి సెలవు మీద వచ్చినప్పుడు నువ్వు అతికించి వదిలేసిన బొమ్మ యుద్ధట్యాంకుకి నేను రంగులు వేశాను. మన జీడితోటల పచ్చ, మధ్యలో ఎర్రమట్టి మచ్చలు. అమ్మ చూసి, "ఏటే ఇది? ఆడున్న కాడ సెట్లున్నాయని నీకెవరు సెప్పారు?" అంది. ఎక్కడున్నావో నువ్వు చెప్పకూడదు. చుట్టూ ఉన్న నేలని బట్టే రంగేస్తారు కదా, నీ ట్యాంకు రంగు అడిగినా అదే అడిగినట్టవుతుంది.

మూడు వారాలుగా నీ ఫోను లేదు. నిన్న అమ్మ ఆ ట్యాంకుని కరివేపాకు కుండీలో ఆకుల చాటున పెట్టి, నన్ను గేటు దగ్గర నిలబెట్టింది.

"కనబడతందేటే?"

"లేదమ్మా."

"అయితే ఈ రంగే ఉండనీ," అని లోపలికి వెళ్లిపోయింది.

నాకు స్పష్టంగా కనబడుతూనే ఉంది అన్నయ్యా. బేగి ఫోన్ చెయ్యి.

నీ చెల్లి