నా పేరు ఎదురుగా పడిన వేలు

జూన్ 9, సోమవారం, మధ్యాహ్నం

రాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ తెలివి కలపకు.

గుర్తొచ్చిందల్లా రోజూ రాయించి పెట్టమన్నాడు లాయర్, హియరింగ్‌లో మాట తడబడకుండా. నాకు రాత రాదు. నాకు తోడొచ్చి రాసేది మా ఆడపడుచు. దీనికీ నాకూ పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఆ సంగతి లాయర్ గుమాస్తాకేం తెలుసు? ఇద్దరూ ఆడవాళ్ళే కదా అని లాడ్జిలో ఒకే గది తీశాడు.

గదా ఇది? మంచం జరిపితే గానీ బాత్రూమ్ తలుపు తెరుచుకోదు. కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ చేతికి తగులుతుంది. ఫ్యాన్ తిరుగుతుంది, గాలి మాత్రం రాదు. నేను దగ్గితే గదంతా దగ్గుతుంది.

కింద కౌంటర్ దగ్గర ఒకటి జరిగింది. అది రాయనంటోంది. రాయి. రిజిస్టర్‌లో వేలిముద్ర వెయ్యమన్నారు. నేను చెయ్యి చాపేలోపే నన్ను పక్కకి నెట్టి, నా పేరు ఎదురుగా తన వేలు వేసేసింది. పాత అలవాటు. వేశాక దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

జూన్ 10, ఉదయం

నా కేసు ఇదీ. స్పిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేళ్ళు తెగిన దారాలు అతికించాను. ఊపిరితిత్తుల నిండా దూది. కార్డున్న వర్కర్లకి మిల్లు ఆసుపత్రిలో వైద్యం చేస్తారు. నాకు కార్డు లేదు. అలాంటి మనిషి మా దగ్గర పనే చెయ్యలేదు అంటోంది మిల్లు. హాజరు పుస్తకం తెస్తారట, నా వేలితో పోల్చి చూస్తారట.

నా వేలు అందులో లేదు.

దారం మెలేసి మెలేసి రెండో ఏటికే బొటనవేలి గీతలు అరిగిపోయాయి. ముద్ర వేస్తే నల్లటి మచ్చే. చెల్లదు, జీతం కట్ అన్నాడు టైమ్‌కీపర్. అప్పటికి నాతోపాటే మిల్లుకొచ్చే మా ఆడపడుచు సంతకం నేర్చింది. దాని వేలు ఖాళీ. వదినా, నువ్వు మిషన్ దగ్గరికి పో, ఇది నేను చూసుకుంటానంది. అలా ఇరవై ఏళ్ళు తన పేరుకి సంతకం, నా పేరుకి తన వేలు. టైమ్‌కీపర్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆయన ఇప్పుడు లేడు.

సంతకం, వేలిముద్ర పోల్చి చూసి కార్డులిచ్చిన రోజు దానికి వచ్చింది, నాకు రాలేదు. ఆ వేలు నాదే, మా వదిన రోజూ పనికి వచ్చేది అని ఒక్క మాట అనొచ్చుగా. తల దించుకుని కార్డు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచే మాటల్లేవు.

పెన్ను ఆగింది. ఏడుపులు తర్వాత, ముందు రాయి అన్నాను.

జూన్ 11

వాయిదా. శుక్రవారమట.

జూన్ 12, సాయంత్రం

మంచం నాకిచ్చి తను కింద పడుకుంటోంది. కాళ్ళు చాపితే బాత్రూమ్‌లోకి పోతాయి. జాలి పడతాననుకుంటోందేమో.

తన కార్డు మీద తెచ్చుకున్న ఇన్‌హేలర్ నాకివ్వబోయింది. నీ మందు నాకెందుకన్నాను. తర్వాత ఆయాసం ఎక్కువైతే పీల్చాను. అదీ రాయి.

రేపు నువ్వు చెప్పకపోతే నేనే చెప్తానన్నాను. చెప్తే నా కార్డు పోతుంది వదినా అంది. పోనీ అన్నాను. ఆ మాట తన చేత్తోనే రాసుకుంది.

జూన్ 13, శుక్రవారం, మధ్యాహ్నం

హియరింగ్ ఆఫీసర్ నా బొటనవేలు కాగితం మీద నాలుగుసార్లు నొక్కించాడు. నాలుగు మచ్చలు. మిల్లు లాయర్ నవ్వుకున్నాడు.

నేను నోరు తెరిచాను, దగ్గు తెర వచ్చింది. ఆలోగా అదే లేచింది. ఎవరూ పిలవకుండానే టేబుల్ దగ్గరికి వెళ్ళి, అయ్యా, ఆ వేలు నాది, పని మాత్రం మా వదినది అంది. తన వేలు నొక్కి చూపించింది. పుస్తకంలో ముద్రతో గీతకి గీత సరిపోయింది.

మాకంటే పాతికేళ్ళు చిన్నవాడు ఆ ఆఫీసర్. ఇంకొకరి పేరు మీద వేలు వెయ్యడం నేరమని తెలియదా అన్నాడు. తెలుసు కాబట్టే పదకొండేళ్ళు నోరు మూసుకున్నానంది. ఆయన ఏదో రాసుకుని చదివి వినిపించాడు. ఈ వేలు గలావిడ రోజూ వచ్చినట్టు రుజువైంది. రెండో ఆవిడ వచ్చినట్టు ఏ ఆధారమూ లేదు. మోసం చేసినందుకు మొదటావిడ కార్డు రద్దు.

అంటే నా ఇరవై ఏళ్ళూ దాని వేలికి పోయాయి. దాని వైద్యం, పోనీ అన్న నా నోటికి పోయింది.

అప్పీల్ చేద్దామంటున్నాడు లాయర్. ఇన్‌హేలర్‌లో ఇంకెన్నిసార్లు వస్తుందని దాన్ని అడిగాను. ఊపి చూసి, ఇద్దరం జాగ్రత్తగా పీల్చుకుంటే నెల వస్తుంది వదినా అంది.

జూన్ 14, పొద్దున

గది ఖాళీ చేశాం. వెళ్తున్నట్టు కూడా వేలు వెయ్యాలట. మా ఆడపడుచు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. నేనే వేశాను. మచ్చ పడింది. ముద్ర సరిగ్గా రాలేదు, ఇంకోసారి వెయ్యమ్మా అన్నాడు కౌంటర్ మనిషి.

సరిగ్గానే వచ్చిందన్నాను.