రాకేశ్ కట్టిన దండెం

జులై 9, మంగళవారం

తడి దుప్పటి ఆరేస్తుంటే దండెం జిల్లుమంది. మోచేతి దాకా. అత్తమ్మకు చెప్తే, నీళ్లల్ల నానిన చేతులు గట్లనే తిమ్మిరెక్కుతయన్నది.

జులై 10

మళ్లీ జిల్లుమంది.

మా ఆయన రాకేశ్ మస్కట్ పోయే ముందురోజు కట్టిన జీఐ తీగ ఇది. ఒక కొస బాత్రూం గోడ కొక్కేనికి, ఇంకో కొస సర్వీస్ వైరు వచ్చే ఇనుప పైపుకు. ఆ పైపుకు ఎవరైనా కడతారా? ఈయన కట్టాడు.

జులై 11, పొద్దున 8

రబ్బరు చెప్పులు వేసుకుని తీగకు టెస్టర్ పెట్టాను. వెలిగింది. మెయిన్ ఆఫ్ చేసి మళ్లీ పెట్టాను. అయినా వెలిగింది! అంటే కరెంటు ఇంట్లోంచి కాదు, బయటి వైరు నుంచే వస్తోంది.

ఎలక్ట్రీషియన్ హనుమండ్లుకు ఫోన్ చేశాను. పెళ్లికి కోరుట్ల పోయిండట, ఎల్లుండి వస్తడట, అప్పటిదాకా దండెం ముట్టద్దన్నడు.

టెస్టర్ వెలిగింది, తీగ తీయించేద్దాం అన్నాను. కొడుకు గుంజి గుంజి కట్టినదాన్ని తియ్యనియ్యనని అత్తమ్మ మొండికేసింది.

సాయంత్రం

వరండాలో నైలాన్ తాడు కట్టాను. రెండు చీరలకే నేలకు వంగింది. అక్కడ ఎండ లేదు, గాలీ లేదు.

జులై 12

బట్టలన్నీ ముక్కిన వాసన. అత్తమ్మ చీర ముక్కు దగ్గర పెట్టుకుని, గిది కట్టుకుని నలుగురి ముంగటికి ఎట్ల పోవాలె, ఎండ దండెం కాడ ఉంటే నువ్వు తాడు నీడకు కడితివి అన్నది. నాకు ఒళ్లు మండింది. కొడుకు తీగ మీదున్న ప్రేమ నా పాణం మీద లేదు నీకు అనేశాను.

అనకుండా ఉండాల్సింది. రాత్రి ఎవరి కంచంలో వాళ్లమే పెట్టుకుని తిన్నాం.

జులై 13, మధ్యాహ్నం, ఆస్పత్రి

బతికింది. ముందు ఆ మాట రాసుకుంటున్నాను.

పొద్దున ఫ్యాన్ ఆగితే కరెంటు పోయిందనుకుని పడుకునే ఉన్నాను. పెరట్లో అదో రకం మూలుగు వినిపించింది. ఉరికాను. అత్తమ్మ చెయ్యి తీగకు అతుక్కుపోయి ఉంది, ఒళ్లంతా కొట్టుకుంటోంది. పట్టి గుంజబోయి ఆగాను. వంటింట్లోంచి రోకలి తెచ్చి ఆ చేతి మీదే కొట్టాను. రెండో దెబ్బకు విడిపోయి పడింది. పక్కింటి సాయిచంద్ ఆటోలో వేసుకొచ్చాడు.

మాట వచ్చాక చెప్పింది. నేను భయపడుతున్నానని మెయిన్ బంద్ చేసే పోయిందట. బంద్ చేస్తే ఇగ ఏం గాదనుకుందట. నేను లేవకముందే అన్నీ ఎండకు వేసేద్దామనుకుందట, నా కోపం పోతదని.

బంద్ చేసినా వస్తుందని నాకు తెలుసు. ఆమెకు చెప్పలేదు. మొదట తొందరలో, తర్వాత కోపంలో. థూ నా బతుకు.

జులై 14

హనుమండ్లు తీగ తీసేసి వైరు మార్చాడు. అత్తమ్మకు రెండు వేళ్లు, అరచెయ్యి కాలాయి. గుండెకు ఏం కాలేదన్నారు.

రాకేశ్‌కు తీగ సంగతి చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. ఆడ ఎత్తు మీద పనిజేస్తడు, మనసు చెదిరితే కాలు జారుతది అన్నది.

జులై 15

రాకేశ్ వీడియో కాల్ చేశాడు. చేతికి కట్టేందన్నాడు. గంజి వంపుతుంటే పడ్డదని అత్తమ్మ చెప్పింది. అవ్వతోని గంజి వంపిస్తున్నవా, నువ్వేం జేస్తున్నవ్ ఇంట్ల అని నన్ను తిట్టాడు.

నాదే తప్పన్నాను.