గంగవ్వ గోటి మీది సిరా

జనవరి 30, శుక్రవారం

ఇవాళ లచ్చన్న పేరు కొట్టేయించాను. దగ్గరుండి, నేనే.

హమీద్ భాయ్ రియాద్ క్యాంపులో మా గదిలో చాప మీద కూర్చుని లిస్టు విప్పాడు. హురూబు పడ్డవాళ్లను ఊరికి పంపే లిస్టు. పని వదిలి పారిపోయాడని, వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ కంప్యూటర్‌లో ఒక్క ముక్క రాయిస్తే చాలు... ఇక్కడ ఉండనిచ్చే ఇకామా చెల్లదు, ఊరికి పోయే దారీ మూసుకుపోతుంది. లచ్చన్న పారిపోయింది ఎక్కడికయ్యా అంటే ఆస్పత్రికి. కడుపు కోయించుకుని పదకొండో రోజు తిరిగొచ్చేసరికి పారిపోయినవాడయ్యాడు. నాలుగేళ్లయింది. నా పక్క మంచం. పగలంతా పఠాన్ వర్క్‌షాపులో చెక్క పాలెట్లకు మేకులు కొడతాడు, పోలీసు బండి కనబడితే ఆ పాలెట్ల వెనకే దాక్కుంటాడు.

హమీద్ భాయ్ పాతబస్తీ మనిషి, ట్రెయిలర్ డ్రైవర్. శుక్రవారాలన్నీ ఇలాంటివాళ్ల కాగితాల వెంట తిరగడానికే. లిస్టులో ఉన్నవాళ్లు తర్హీల్‌కు, అంటే తిప్పి పంపేవాళ్లను ఉంచే చోటుకు వెళ్లి, వేలిముద్రలిచ్చి, కొన్ని వారాలుండి విమానం ఎక్కాలి.

"ఖైదీ లెక్క పోవుడెందుకు లచ్చన్నా?" అన్నాను. "పదిరోజుల్ల ఓట్లు. మన సర్కారు అస్తది. దండేసి తీస్కపోతరు."

హమీద్ భాయ్ పెన్ను ఆపాడు. "చాచా, సర్కార్ ఆతీ తో ఆతీ. ఇస్ ఆద్మీ కో తో జానే దేవ్."

సర్కారు వస్తే రానీ, ఈ మనిషిని పోనియ్యమంటాడు! నేనేదో పట్టుకు కూర్చున్నట్టు.

లచ్చన్న నా ముఖం చూశాడు. "నువ్వు ఉండుమంటె ఉంట నర్సన్నా. సదువుకున్నోనివి."

హమీద్ భాయ్ అడ్డంగా ఒక గీత కొట్టాడు. గీత కిందినుంచి పేరు కనబడుతూనే ఉంది.

ఫిబ్రవరి 1, ఆదివారం

నేను పనిచేసే స్టోర్‌లో, టైల్స్ పెట్టెల మధ్య, ఫ్యాను ఆపి ఫోన్‌లో ఓట్ల మెసేజ్ రికార్డు చేశాను. మూడుసార్లు తప్పు. నాలుగోది కుదిరింది.

"అక్కలారా, చెల్లెలారా... రియాద్ సులైల కెళ్లి నర్సయ్యను మాట్లాడుతున్న. తాపీ పట్టి కాయలు గాసిన చెయ్యి నాది. తాపీ గుర్తుకే ఓటెయ్యుండ్రి. మన శ్రామిక సంక్షేమ పక్షం గెలిస్తె నూరు దినాలల్ల ఈడ చిక్కుకున్నోళ్లందరు ఇండ్లకస్తరు..."

సాయంత్రానికల్లా మా ఊరి నుంచే నాకు తిరిగి వచ్చింది, కింద ఎవరో "ప్రతి ఆడబిడ్డ వినాలి" అని రాసి. నా గొంతు నాకే ఎవరో పెద్దమనిషిదిలా వినబడింది. పార్టీ గల్ఫ్ శాఖ చూసే శేఖర్ సారు ఊరి నుంచి ఫోన్: "కాకా, ఊళ్లల్ల నీ గొంతే నడుస్తున్నది. మా మీటింగులు దండుగ."

లచ్చన్న దాన్ని ఎన్నిసార్లు విన్నాడో. "నూరు దినాలు" దగ్గర ఆపుతాడు. మళ్లీ వెనక్కి.

ఫిబ్రవరి 4, బుధవారం

"సదువుకున్నోనివి" అన్న మాట ఇంకా చెవిలో ఉంది. నేను బడి చూసింది రెండో తరగతి దాకా. అసలు చదువు ఇక్కడే, మామిడి తొక్కు దగ్గర. ఊరి నుంచి వచ్చేవాళ్లతో ఇంటివాళ్లు తొక్కు సీసాలు పంపేవారు, తెలుగు పేపరు చుట్టి. ఆ పేపరు పరిచి, నూనె మరకల్లోంచి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. నెలనాటి వార్త. అదీ సగమే... మిగతా సగం ఇంకెవరి సీసాకో చుట్టి ఉంటుంది. దొంగ గోడ దూకాడు, అంతే, పేపరు చిరిగింది. గదిలో వాళ్లు ఊరుకుంటారా? తర్వాతేమైందన్నా? ఏమవుతుంది, నేను చెప్పిందే అవుతుంది. ఆ దొంగను ఒకసారి పోలీసులకు పట్టించాను. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు అదే దొంగను ఇంటామెకు తప్పిపోయిన మేనమామను చేశాను. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఏ వార్తనూ సగంలో వదిలిన పాపాన పోలేదు.

ఏం చెప్పబోయి ఎక్కడికి పోయాను? ఆఁ, చదువు. ఇంతే.

ఫిబ్రవరి 9, సోమవారం

పోలింగ్. మా ఓట్లు ఊళ్లో, మేం ఇక్కడ. అందుకని ప్రతిసారీ ఫోన్‌లో ఓటేస్తాం, ఇంట్లో ఆడవాళ్లకు చెప్పి. ఫోన్‌లో బొమ్మ కనబడే రోజులు వచ్చాక వేలు చూపించడం ఒకటి తోడైంది. టిఫిన్ టైములో మెస్సంతా అదే గోల.

"వేలు సూపియ్యే... గా వేలు కాదే!"

"ఎండల కెళ్లి జరుగు, కనవడ్తలేదు."

ఒకడి భార్య రెండు చేతులూ చాపి చూపింది, దేనికీ సిరా లేదు. "లైను పెద్దగున్నది, వంట నువ్వచ్చి చేస్తవా?" అని పెట్టేసింది.

లచ్చన్న భార్య గంగవ్వ మాత్రం తెల్లవారకముందే లైన్లో నిలబడిందట. ఎడమ చూపుడువేలు తెర నిండా పట్టింది. గోరు మొదట్లో, చర్మం మీదికి, నల్లటి గీత. "నర్సయ్యన్నా, నువ్వు చెప్పినవని మా వాడకట్టోళ్లందరితోటి ఏయించిన. ఇగ నీదే బరువు."

మా రాజవ్వ కూడా వేలు చూపింది. నాతో కాపురం ఎక్కువ ఫోన్లోనే చేసిన మనిషి.

"తాపీకేనా?"

"నా ఓటు నేనేసిన."

"నా ముచ్చట ఇన్లేదా?"

"వచ్చే ఏడు అస్త అని ముప్పై ఏండ్ల సంది చెప్తున్నవ్. నీ గొంతు నాకంటె ఎక్కువ ఇన్నోళ్లు ఎవ్వలున్నరు?"

చుట్టుపక్కల నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను.

ఫిబ్రవరి 12, గురువారం

గెలిచాం.

ఇన్నేళ్లూ అసెంబ్లీలో ఒక బెంచీ నిండని పార్టీ. ఇవాళ సర్కారు. మట్టి పిసికినవాళ్ల సర్కారు! కాసేపు స్టోర్ తలుపు మూసుకుని ఏడ్చాను, ఈ కాగితానికి తప్ప ఎవరికీ చెప్పను. మెస్‌లో సేమియా పాయసం. శేఖర్ సారు: "కాకా, ఇది నీ గెలుపు. లచ్చన్న సంగతి నా నెత్తిన పెట్టు."

లచ్చన్న బతా బజారుకు పోయి జుట్టుకు రంగేయించుకొచ్చాడు. పట్టపగలు, ఇకామా లేని మనిషి, ఊరిమధ్యకు పోయి! నల్లగా నిగనిగలాడుతున్నాడు.

"గంగవ్వ గుర్తువడుతదా నిన్ను?"

"గుర్తువట్టాలెననే ఏసుకున్న."

ఫిబ్రవరి 14, శనివారం

ప్రమాణ స్వీకారం ఫోన్‌లో చూశాం. ఇవాళ్టి నుంచి లెక్క. ఒకటి.

మార్చి 2, సోమవారం

రంజాన్. పని గంటలు తక్కువ, ఎదురుచూపులు ఎక్కువ. శేఖర్ సారుకు పంపినవాటికి రెండేసి నీలి టిక్కులు. జవాబు లేదు. కొత్త సర్కారు, ఊపిరి సలపదు కదా... అని లచ్చన్నకు చెప్పాను. నాక్కూడా చెప్పుకున్నాను.

మార్చి 13, శుక్రవారం

గల్ఫ్ కార్మికుల ఆఫీసు తెరిచారు. ఫోటో వచ్చింది. రిబ్బను, పెద్ద కుర్చీ, కుర్చీ మీద తెల్ల తువ్వాలు, పక్కన శేఖర్ సారు శాలువా కప్పుకుని. ఇప్పుడు ఆయన సలహాదారు.

బోర్డు మీది నంబరుకు చేశాం. నాలుగోసారికి ఎవరో అమ్మాయి ఎత్తింది. మర్యాదగానే మాట్లాడింది.

"మీ సమస్య ఏంటండీ?"

చెప్పాను.

"ఏ నియోజకవర్గం? ఏ బూత్?"

అదీ చెప్పాను.

"ఇంటివాళ్లతో దరఖాస్తు ఇప్పించండి. పైకి పంపిస్తాం."

గంగవ్వ మర్నాడే పోయి ఇచ్చి వస్తానంది. పైకి అంటే ఎంత పైకో మేం అడగలేదు.

ఏప్రిల్ 10, శుక్రవారం

హమీద్ భాయ్ లిస్టులోని ఆఖరి మనిషి కూడా ఇల్లు చేరాడట. బిడ్డను ఎత్తుకున్న ఫోటో పంపాడు. లచ్చన్న ఆ ఫోటో చూసి, "మంచిగైంది" అన్నాడు. అంతే అన్నాడు.

ఏప్రిల్ 24, శుక్రవారం

లచ్చన్నకు అంకెలు తెలుసు, కానీ క్యాలెండర్ చూడడు. గంగవ్వ గోరు చూస్తాడు. చర్మం మీది సిరా ఎప్పుడో పోయింది. గోటి మీది గీత మాత్రం గోరుతో పాటు పైకి జరుగుతోంది. ఓట్ల రోజు మొదట్లో ఉండేది, ఇప్పుడు సగం దాటింది. కింద శుభ్రమైన గోరు, పైన నలుపు. ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు ఇదే.

"వేలు వెట్టు."

"గిన్నెలు తోముతున్ననయ్యా."

"తుడ్సుకొని వెట్టు."

పెడుతుంది. చూస్తాడు. "ఇంకింతున్నది" అంటాడు, బొటనవేలి గోటితో కొలిచి. గీత కొసకు చేరేలోపు తను ఇంట్లో ఉంటాడని అతని లెక్క. నా మెసేజ్‌కూ ఆమె గోటికీ ముడిపెట్టుకున్నాడు. అతని జుట్టు మొదళ్లలో తెల్లగా తేలింది. మళ్లీ రంగేయించుకోలేదు.

మే 1, శుక్రవారం

మేడే. పార్టీ బహిరంగ సభలో మైకులో నా మెసేజ్ వేశారట. ఊరి నుంచి వీడియో పంపారు. విన్నాను. తాపీ ఉంది, కాయలు కాసిన చెయ్యి ఉంది. "నూరు దినాలు" దగ్గర కత్తిరించారు. నేరుగా చప్పట్లు.

ఎందుకు కోశారు?

మే 3, ఆదివారం

తెలిసింది.

పార్టీ హామీల పుస్తకం ఫోన్‌లోనే ఉంది, అప్పట్లో శేఖర్ సారు పంపిందే. స్టోర్‌లో కూర్చుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, వేలు పెట్టి చదివాను. గల్ఫ్ కార్మికుల సంక్షేమానికి కృషి చేస్తాం. ఒకే వాక్యం. తర్వాత చేనేత మొదలైంది. పేజీ చిరిగిలేదు, నూనె మరక లేదు. నూరు దినాలు అన్నది ఏ మూలా లేదు. వాళ్లు రాయలేదు. శేఖర్ సారూ ఎన్నడూ అనలేదు, ఎంత గుర్తుచేసుకున్నా.

నేనే అన్నాను. నాలుగోసారి, ఫ్యాను ఆపి. మొదటి మూడుసార్లు లేదు... ఫోన్‌లో అవీ ఉన్నాయి, విన్నాను. మూడింటిలోనూ "మనోళ్లు ఇండ్లకస్తరు" అనే ఉంది, చప్పగా. వినేవాళ్లు ఎప్పుడు అని అడుగుతారు కదా. అడక్కముందే చెప్పేశాను. దొంగ గోడ దూకాడు, తర్వాతేమైంది.

పార్టీని తిట్టుకుంటూ రెండు నెలలు గడిపాను. తిట్టాల్సినవి ఉన్నాయి, ఆ తువ్వాలు కుర్చీ ఉంది, ఆ నీలి టిక్కులున్నాయి. కానీ లచ్చన్న పేరు మీద గీత కొట్టించింది ఆ కుర్చీ కాదు.

మే 23, శనివారం

తొంభై తొమ్మిది. శేఖర్ సారు ఫోన్! లచ్చన్న పక్కనే ఉన్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ నిలబడిపోయాడు.

"కాకా, మంచిగున్నవా? సర్పంచ్ ఎలక్షన్లస్తున్నయ్. నీ గొంతుల ఒకటి పంపు. చిన్నదే. ఆ నూరు దినాల లెక్క మాత్రం వద్దు, అందరు మమ్ముల అడుగుతున్నరు... ఎక్కడికెళ్లి దెచ్చినవ్ కాకా అది?"

నవ్వుతూనే అన్నాడు.

"లచ్చన్న సంగతి, సారూ?"

"ఫైలు నడుస్తున్నది."

లచ్చన్నకు ఫైలు నడుస్తోందని చెప్పాను. మిగతాది చెప్పలేదు.

మే 24, ఆదివారం

నూరు.

పొద్దున గంగవ్వ వేలు చూపింది. గీత కొసకు వచ్చింది. ఒక నల్లటి అంచు, అంతే. అది గిన్నెకు తగిలి చిట్లిందట, బట్టలకు పట్టుకుంటోందట. మాట్లాడుతూనే, ఫోన్ గోడకు ఆనించి, కట్టర్‌తో టక్కున కత్తిరించేసింది.

"అరే... అరే గంగా!"

"ఏందయ్యా? గోరేనాయె."

లచ్చన్న ఫోన్ పెట్టేసి స్టవ్ మీద ఛాయ్ గిన్నె పెట్టాడు. తర్వాత అడిగాడు, కోపంగా కాదు, టైమెంత అన్నట్టు.

"నర్సన్నా, నూరు దినాలని నీకు ఎవలు చెప్పిన్రే?"

"శేఖర్ సారు" అన్నాను.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గొంతు కూడా తడబడలేదు. మంచి గొంతు.

"నమ్మిచ్చి ముంచిండు" అన్నాడు లచ్చన్న. తర్వాత నాకూ ఛాయ్ పోశాడు.

మే 29, శుక్రవారం

బక్రీద్ సెలవులు. హమీద్ భాయ్ వచ్చాడు, మాంసం డబ్బాతో, ఒక కాగితంతో. ఇంకో లిస్టు తెరుస్తారంటున్నారు. తెరవకపోనూ వచ్చు. తెరిస్తే ముందుగా కాగితం ఇచ్చినవాళ్లకే. లచ్చన్న ఈసారి నా ముఖం చూడలేదు. సంతకం ఎక్కడ అని అడిగి, కింద గంగవ్వ నేర్పిన మూడక్షరాలూ పెట్టాడు.

కాగితం మధ్యలో ఒక గడి ఖాళీ. మొదటి లిస్టులోంచి పేరు ఎందుకు తీయించుకున్నారు? హమీద్ భాయ్ అన్నాడు, వాళ్లు తప్పకుండా అడుగుతారు, నిజం రాయండి, తెలుగులోనే రాయండి, నేను అరబీ చేయిస్తాను. నా వైపు చూసి అన్నాడు. ఆయన ఆ రోజు ఈ చాప మీదే కూర్చున్నాడు. ఆయనకు తెలుసు.

"నువ్వే రాయి నర్సన్నా" అన్నాడు లచ్చన్న. "మనదాంట్ల రాయచ్చేది నీకేనాయె. రాసినంక సదివి ఇనిపియ్యి."

స్నానానికి వెళ్లాడు. నీళ్ల చప్పుడు వినబడుతోంది. హమీద్ భాయ్ గుమ్మంలో సిగరెట్ కాలుస్తున్నాడు, ఇటు చూడకుండా. గడిలో రెండు వరుసలు పడతాయి. పార్టీ మాట నమ్మి అని రాస్తే ఎవరూ కాదనరు. శేఖర్ సారు వచ్చి అబద్ధమని చెప్పడు. ఆయనకు ఫోనెత్తే తీరికే లేదు.

ఈ పుస్తకం పక్కకు జరిపి ఆ కాగితం ముందుకు లాక్కున్నాను. "నర్సయ్య" అని రాశాను. తర్వాతి మాట రావడం లేదు, మళ్లీ ఈ పుస్తకమే లాక్కున్నాను.

నీళ్లు ఆగాయి.