కంటి చుక్కలు, మూడు మెట్లు

మార్చి 3, సోమవారం. ఉదయం 7:10

ఆయన కుడి కంటికి ఆపరేషన్ అయి మూడు రోజులు. చుక్కల మందు రోజుకు నాలుగు పూటలు: 8, 12, 4, 8. ఇరవై ఎనిమిది రోజులు. మానేస్తే కన్ను దక్కదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. నిన్న రెండు పూటలు ఎగ్గొట్టారు. ఎందుకంటే, "నువ్వు అడిగావు కాబట్టి" అన్నారు. నలభై మూడేళ్ల కాపురంలో ఇది కొత్త జవాబేమీ కాదు.

నిర్ణయం: నేటి నుంచి చుక్కల గురించి నా నోట ఒక్క మాట రాదు. అడిగే పని ఫోన్‌ది. ఎవరి పని ఎప్పటికి కాకపోతే, ఎంతసేపు ఆగి, ఎవరికి కబురు వెళ్లాలో సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పిపెట్టడం మా మనవరాలి ఉద్యోగం. మాకూ అమర్చింది.

మొదటి మెట్టు: వేళకు ఆయన ఫోన్ మోగుతుంది. వేసుకుని టిక్ పెట్టాలి.
రెండు: పావుగంటలో టిక్ పడకపోతే మళ్లీ మోగుతుంది.
మూడు: అప్పటికీ లేకపోతే, గంట ఆగి మా పెద్దాడపడుచుకు మెసేజ్. ఆయన భూమ్మీద భయపడేది ఆవిడ ఒక్కరికే.

"గంట ఆగాక టిక్ పడిందో లేదో మళ్లీ చూడమని చెప్పనా అమ్మమ్మా?"
"అక్కర్లేదు. పావుగంటలో చెయ్యని మనిషి గంటలో చేస్తాడా?"
ఆ ముక్క తీసేయించాను.

మార్చి 4, మంగళవారం

4/4. ఇల్లంతా ప్రశాంతం. పేపర్ మొత్తం చదివాను, పెళ్లి ప్రకటనలతో సహా. ఈ మౌనం కాపురం మొదటి ఏడే పట్టాల్సింది.

మార్చి 6, గురువారం

12:15. రెండో మోత. టిక్ లేదు. ఆయన బాల్కనీలో, సీసా బల్ల మీద. మాట్లాడలేదు. దగ్గాను. దగ్గు మాట కాదు.
12:40. మళ్లీ దగ్గాను. "జలుబా?" అన్నారు.
12:50. మందు ఎంతవరకు ఉందో సీసా మీద పెన్సిల్‌తో గీత గీశాను. గీత కూడా మాట కాదు.
12:55. వేసుకున్నారు. టిక్.

మార్చి 8, శనివారం

పలక మీద "8" అని రాసి ఆయన ముందు పెట్టాను. అంకె మాట కిందికి రాదు. పక్కన "+ 2 = 10" అని రాసి తిరిగి ఇచ్చారు. అరగంట తర్వాత వేసుకున్నారు. ఈ మధ్య అన్నీ ఆలస్యమే, కానీ పడుతున్నాయి. గీతలు దిగుతున్నాయి.

మార్చి 9, ఆదివారం. ఉదయం 11:00

కాలింగ్ బెల్. పెద్దాడపడుచు. రెండు సూట్‌కేసులు.

"ఏమమ్మా, ఇక్కడ నా తమ్ముడి కన్ను పోతుంటే నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావా?"

నా మీద ఈ నింద పడటం జీవితంలో ఇదే మొదటిసారి.

ఫోన్ చూపించారు. తొమ్మిది మెసేజ్‌లు. "మీ తమ్ముడు చుక్కలు వేసుకోలేదు." తొమ్మిది పూటలూ ఆలస్యంగానైనా వేసుకున్నవే, పెన్సిల్ గీతలే సాక్షి. మనవరాలిని పిలిచి నిలదీశాను.

"ఆగేముందు ఒకసారి చూసింది అమ్మమ్మా. ఆగాక చూడొద్దని నువ్వే అన్నావు. చెప్పినట్టు విన్నది."

ఈ ఇంట్లో చెప్పినట్టు వినేవాళ్లు లేరని ఇన్నేళ్లూ బాధపడ్డాను.

మార్చి 11, మంగళవారం

వదినగారు గంటకోసారి అడుగుతున్నారు. అడిగారు కాబట్టి ఆయన వేసుకోవడం పూర్తిగా మానేశారు. టిక్ మాత్రం ఠంచనుగా పెడుతున్నారు. సాఫ్ట్‌వేర్ లెక్క ఆదివారం మధ్యాహ్నం నుంచి 9/9. సీసాలో మందు గీత దగ్గరే ఉంది. కన్ను ఎర్రబడింది.

4:05. నోరు తెరిచాను.

"తల వెనక్కి వాల్చండి."
"వ్రతం చెడింది" అన్నారు.
"చెడనివ్వండి. కన్ను చెడితే ఇంకోటి తెచ్చుకుంటారా?"

తల వాల్చారు. "అక్కయ్య అడిగితే వేసుకోను. నువ్వు అడిగినా వేసుకోను. నువ్వు వేస్తే ఆవిడకు ఒళ్లు మండుతుంది కాబట్టి ఒప్పుకుంటున్నా."

రెండు చుక్కలు బుగ్గ మీద పడ్డాయి. మూడోది కంట్లో పడింది.

మార్చి 12, బుధవారం

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. వాపు ఉంది, కన్ను దక్కుతుంది, ఇక ఒక్క పూట తప్పినా తన దగ్గరికి రావద్దంది. ఇరవై ఎనిమిది రోజుల లెక్క మళ్లీ మొదటికి.

వదినగారు: "మూడు రోజులు వరసగా వేసుకుంటే వెళ్తాను."
"వేసుకుంటాను", "వేయిస్తాను". ఇద్దరం ఒకేసారి అన్నాం.

మార్చి 16, ఆదివారం

ఉదయం 7:00. 12/12. వదినగారు బయల్దేరారు. సూట్‌కేసులు ఆయనే కారు దాకా మోయబోతే లాక్కున్నాను.

7:30. నిర్ణయం మళ్లీ మొదలు. ఒక్క మాట రాదు. మూడో మెట్టు మార్పించాను: అరగంట ఆగాలి. ఆగాక మళ్లీ చూడాలి. అప్పటికీ టిక్ లేకపోతే మెసేజ్ నాకు రావాలి. అందులో మాటలు నేనే రాశాను: "ముందు వెళ్లి చూడు."

8:00. మోగింది.
8:15. మోగింది.
8:45. నా ఫోన్ మోగింది. వెళ్లి చూశాను.

ఆయన తల వెనక్కి వాల్చి, సీసా కంటి మీద తలకిందులుగా పట్టుకుని, శక్తికొద్దీ నొక్కుతున్నారు. "అరగంట నుంచి నొక్కుతున్నా, ఒక్క చుక్క రాదే. అయిపోయినట్టుంది" అన్నారు.

నేను ఒక్క మాట అనలేదు. మూత తీసి ఇచ్చాను.

8:50. టిక్.

8:51. దగ్గాను. ఒక్కసారే.